కాషాయం వెతుక్కుంటూ విశాఖలో నాలుగు రోజులు

మొదటి రోజు

గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖపట్నం చేరేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ప్లాట్‌ఫారం మీద నల్లబట్టల గుంపు ఒకటి ఇరుముళ్లు సర్దుకుంటోంది. మా మేనల్లుడి కళ్లు మెరిశాయి.

"మావయ్యా, మాంక్స్!"

"కాదురా, అయ్యప్ప స్వాములు."

"స్వాములంటే మాంక్సే కదా?"

అక్కడ మొదలైంది మా గొడవ.

వాడు మా అక్క కొడుకు. మూడో ఏటి నుంచీ టొరంటోలోనే పెరిగాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. డిగ్రీ మొదటి సంవత్సరంలో మతాల మీద ఏదో కోర్సు తీసుకున్నాడట. డిసెంబరు సెలవులకి ఇండియా వెళ్తున్నానని చెప్పగానే వాళ్ల ప్రొఫెసర్ ఒక పని అప్పగించాడు. ఒక హిందూ సన్యాసితో మాట్లాడాలి, పది పేజీలు రాయాలి, ఆయన ఫోటో ఒకటి జతచెయ్యాలి. కాశీయో రిషికేశో తీసుకెళ్లమంది అక్క. నాకు దొరికింది నాలుగు రోజుల సెలవు. పైగా భీమిలిలో మా అత్తయ్యను చూసి మూడేళ్లయింది. అందుకని వైజాగ్ బండెక్కాం.

నలభై ఒక్క రోజుల దీక్ష సంగతి స్టేషన్ బయట టీ తాగుతూ చెప్పాను. చన్నీళ్ల స్నానం, చెప్పులు లేని నడక, నేల మీద పడక. మెడలో మాల ఉన్నన్నాళ్లు బ్యాంకు మేనేజరైనా లారీ క్లీనరైనా స్వామే. మొదటిసారి వేసుకున్న ఆరేళ్ల పిల్లాడు కన్నెస్వామి. మాల తీశాక ఎవరి పేరు వాళ్లకి వచ్చేస్తుంది.

"అంటే పార్ట్‌టైమా?" అన్నాడు.

కోప్పడదామనుకున్నాను. తప్పు ఎక్కడుందో చెప్పలేక ఊరుకున్నాను.

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జికి ఆటో మాట్లాడుకున్నాం. "ఎక్కండి గురూ, ఏటి ఆలోచిస్తన్నారు" అన్నాడు డ్రైవరు. "నువ్వు ఆయనకి గురువా మావయ్యా?" అని వీడు. వైజాగ్‌లో కిళ్లీకొట్టు దగ్గర నిలబడ్డ ప్రతివాడూ గురువేనని చెప్పాల్సొచ్చింది. డ్రైవరు మా మాటలు వింటున్నట్టున్నాడు. "నా పేరులోనే సన్యాసి ఉంది బాబూ. నన్ను తియ్యండి ఫోటో" అన్నాడు.

ఆ పేరు ఎందుకు పెట్టారని అడిగాను.

"నాకు ముందు ఇద్దరు పుట్టి పోయారంట. ఊళ్లోకో సాధువొస్తే మా యమ్మ కాళ్ల మీద పడిపోయిందంట. ఈసారి పుట్టినోడు దక్కితే నీ పేరే పెడతానని మొక్కింది. ఆయన పేరేటో అడగలేదు మరి. అందుకని సన్యాసి."

ఉత్తరాంధ్రలో ఏ ఊరెళ్లినా సన్యాసిరావులు, సన్యాసినాయుళ్లు, సన్యాసమ్మలు తగులుతారు. పిల్లల్ని దక్కించుకోవడానికి పెట్టుకునే పేరు అది. అదే మాట కాస్త నలిగి సన్నాసి అయిందంటే తిట్టు. మా లెక్కల మాస్టారు నన్ను పదో తరగతి అంతా అలాగే పిలిచారు. వీడు ఇదంతా ఫోన్‌లో రాసుకున్నాడు. ఫోటో మాత్రం తియ్యలేదు. ఖాకీ చొక్కా వాళ్ల ప్రొఫెసర్‌కి నచ్చదట.

సాయంత్రం ఆర్కే బీచ్. మురీమిక్సర్ పొట్లం కడుతున్న అబ్బాయిని మావాడు అడిగాడు, ఆర్కే అంటే ఏమిటని. "ఆర్కే అంటే ఆర్కేనే సార్" అన్నాడు. రోడ్డుకి అవతల రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఉంది. తీరానికి పేరు దాన్నుంచే వచ్చింది. వేలమంది ఆ పేరు పలుకుతూ సముద్రానికెళ్తారు. గేటు దాటి లోపలికి వచ్చేది ఏ కొద్దిమందో.

మేం వెళ్లేసరికి హారతి మొదలైంది. వివేకానందుడు రాసిన పాటే ఇక్కడా, కలకత్తా దగ్గరున్న వీళ్ల ప్రధాన కేంద్రం బేలూరు మఠంలోనూ, రామకృష్ణ కేంద్రాలన్నిట్లోనూ పాడతారు. అది అయ్యాక ఒక స్వామీజీ మాతో మాట్లాడటానికి ఒప్పుకున్నారు. ఈ ఆశ్రమాల్లో ఆయన్ని 'మహరాజ్' అనాలని నాకు తెలుసు. వీడికి చెప్పడం మరిచాను. వీడు చెయ్యి చాచాడు. ఆయన నవ్వుతూ షేక్‌హ్యాండ్ ఇచ్చేశారు.

వాడి ప్రశ్నల జాబితాలో మొదటిది ధ్యానం. "పొద్దునా సాయంత్రం చేస్తాం. మధ్యలో నీళ్ల మోటారు పాడైతే ప్లంబర్‌కి ఫోన్ చెయ్యడం నా డ్యూటీ" అన్నారు. ఆ పక్కనే లెడ్జరు పుస్తకాలున్నాయి. చేరిన రోజే కాషాయం ఇవ్వరని చెప్పారు. ముందు కొన్నేళ్లు మామూలు బట్టలు, తర్వాత బ్రహ్మచర్య దీక్ష, తెల్లబట్టలు. మొత్తం మీద తొమ్మిది పదేళ్లు గడిచాక సన్యాసం ఇచ్చేటప్పుడు చేసే విరజాహోమం, కాషాయం. అంతకుముందు ఎవరి శ్రాద్ధం వాళ్లే పెట్టుకోవాలి.

వీడు పెన్ను ఆపేశాడు. "బతికుండగానే?"

"తర్వాత మాకు పెట్టేవాళ్లెవరుంటారు నాయనా?"

శంకరాచార్యుల సంప్రదాయంలో పది పేర్లున్నాయి. గిరి, పురి, భారతి, సరస్వతి, తీర్థ ఇలా. రామకృష్ణ పరమహంసకి సన్యాసమిచ్చిన తోతాపురి ద్వారా వీళ్లది 'పురి' శాఖ. ఇదంతా ఆయన చకచకా చెప్పేశారు, రోజూ చెప్పే పాఠంలాగా. నేను అడిగింది వేరు. బయటివాళ్లు మీ దగ్గరికి ఏం అడగడానికి వస్తారు?

దానికి మాత్రం కుర్చీలో వెనక్కి వాలారు. "చెయ్యి చూడమంటారు. అమ్మాయి పెళ్లెప్పుడని అడుగుతారు. విదేశాల నుంచి వచ్చినవాళ్లు కుండలిని అంటారు. ఇంజనీరింగ్ పిల్లలకి కాన్సంట్రేషన్ కావాలి. ఒకాయన స్థలం కొంటూ దిక్కు చూపించమన్నాడు. దిక్కులైతే నాకూ తెలుసు, సముద్రం తూర్పున ఉంది కదా!"

1893లో షికాగో ప్రదర్శనలో ఎవరో వెనక నుంచి వివేకానందుడి తలపాగా లాగేసిన సంగతి కూడా చెప్పారు. లాగినవాడు చూడ్డానికి పెద్దమనిషే. ఈయన ఇంగ్లీషులో పలకరించేసరికి సిగ్గుపడిపోయాడట.

వీడు అడక్కూడనిదే ఆఖర్న అడిగాడు, మీ అమ్మగారు ఏడ్చారా అని.

"ఏడ్చింది. రెండేళ్లు మాట్లాడలేదు. ఇప్పుడు సంక్రాంతికి అరిసెలు పంపుతుంది, ఆశ్రమం మొత్తానికి సరిపడా."

ఫోటోకి మాత్రం ఒప్పుకోలేదు. కావాలంటే ఆశ్రమాన్ని తీసుకోమన్నారు.

రెండో రోజు

సింహాచలం. ఘాట్‌రోడ్డు మీద బస్సులున్నా మెట్లెక్కుదామన్నాడు. తొలిపావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. పావుగంటకే నా మోకాళ్లు బస్సుని తలుచుకున్నాయి.

మెట్ల మలుపులో దొరికాడు వాడికి కావలసిన మనిషి. తెల్లటి గడ్డం, రుద్రాక్షలు, నుదుటి నిండా విభూతి, పక్కన కమండలం, వెనక చింతచెట్టు. వీడు మోకాలి మీద కూర్చుని గురిపెట్టాడు. ఆయన చక్కగా కళ్లు మూసుకుని, ఫోటో అయ్యాక తెరిచి, "యాభై" అన్నాడు. నేను నోరు పారేసుకున్నాను. కొండ మీద దేవుడి పేరు చెప్పుకుని ఇదేం వ్యాపారమని.

మావాడు నన్ను పక్కకి జరిపి ఆయన ఎదురుగా కూర్చున్నాడు. "మీరు నిజంగా సన్యాసేనా?"

"కాదు బాబూ."

అంత సులువుగా చెప్తాడని నేననుకోలేదు. ఓడరేవులో మూటలు మోసేవాడట. నడుం పోయింది. "ప్యాంటు చొక్కా వేసుకుని చెయ్యి చాస్తే పని చేసుకోమంటారు. ఈ బట్ట కడితే దండం పెట్టి మరీ పెడతారు. పదేళ్లయింది. సన్యాసివా అని అడిగినోడు నువ్వే."

"మరి అబద్ధం కదా?"

"ఎవరికి చెప్పానూ? అడిగావు, చెప్పాను గదా."

వీడు యాభై ఇచ్చాడు. నేను ఇంకో యాభై ఇచ్చాను, నోరు పారేసుకున్నందుకు. ఫోటో పనికిరాదు, ప్రొఫెసర్‌ని మోసం చేసినట్టవుతుందన్నాడు. నేనైతే పంపేసేవాణ్ణి.

గుళ్లో అర్చకుల్ని చూసి మళ్లీ 'మాంక్' అన్నాడు. అర్చకులు సంసారులు, భార్యాపిల్లలు ఉంటారు, స్కూటరు మీద ఇంటికెళ్తారు అని చెప్పాను. పురోహితుడు వేరు, అర్చకుడు వేరు, గురువు వేరు, సన్యాసి వేరు. ఇంగ్లీషులో ఉన్న ఒక్క మాటతో వాడు అందర్నీ కట్టేస్తున్నాడు. మనకేమో సాధువు, బైరాగి, అవధూత, పరివ్రాజకుడు, జీయరు, పీఠాధిపతి, బాబా అంటూ గంపెడు మాటలున్నాయి. ఇన్ని ఉన్నా కొండ మెట్ల మీద నాకు గుర్తొచ్చింది కన్యాశుల్కంలో సారా దుకాణం బైరాగి ఒక్కడే. అది ఈ ప్రాంతపు నాటకమే. గురజాడ ఆ బైరాగిని ఎంత బాగా రాశాడంటే, చదివిన తెలుగువాడికి గడ్డం కనిపిస్తే చాలు, సీసా ఎక్కడుందా అని కళ్లు వెతుకుతాయి.

స్వామి చందనంలో ఉన్నాడు. వరాహ నరసింహుడని చెప్పినా బయటికి కనిపించేది లింగంలాంటి చందనపు ముద్దే. అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపం. ఆ తర్వాత విడతకి మూడు మణుగుల చొప్పున నాలుగు విడతల్లో మళ్లీ కప్పేస్తారు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి కానుకలిచ్చినట్టు ఇక్కడ శాసనం ఉంది. ఆయన ఏ రోజున వచ్చాడో, ఏ రూపం చూశాడో అని మావాడికి అనుమానం వచ్చింది. క్యూలో వెనకాయన "కదలండి బాబూ" అనడంతో ఆ అనుమానం అక్కడే ఉండిపోయింది. పులిహోర మాత్రం రెండుసార్లు తిన్నాం.

మూడో రోజు

పొద్దున్నే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. ఇది నా పట్టుదల. అణు పరిశోధనశాలకి ఒక సన్యాసి పేరుందిరా అంటే వాడు నమ్మలేదు.

స్వామి జ్ఞానానంద. 1896లో భీమవరం దగ్గర గొరగనమూడిలో రాజుల ఇంట పుట్టారు. సంసారం వదిలి హిమాలయాల్లో తపస్సు చేశారు. అక్కడితో కథ అయిపోతే మనకు కొత్తేం లేదు. ఆయన 1927లో జర్మనీ వెళ్లారు. యోగం మీద ఉపన్యాసాలివ్వడానికి వెళ్లినవాడు ఫిజిక్సులో పడిపోయాడు. ప్రాగ్‌లో ఎక్స్ కిరణాల మీద పనిచేశారు. తర్వాత లివర్‌పూల్లో, న్యూట్రాన్‌ని కనిపెట్టిన ఛాడ్విక్ దగ్గర పరిశోధన చేసి 1936లో పీహెచ్‌డీ తీసుకున్నారు. యుద్ధకాలంలో అమెరికా, మిషిగన్. స్వాతంత్ర్యం వచ్చాక ఇండియాకి తిరిగొచ్చి, ఇక్కడ న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. 1969లో పోయారు.

లివర్‌పూల్ ల్యాబులో ఈయన్ని చూసి తోటివాళ్లు ఏమనుకుని ఉంటారో నాకు ఎప్పుడూ ఆసక్తి. అప్పటికి అయిదేళ్ల ముందే, 1931లో, చర్చిల్ గాంధీని అర్ధనగ్న ఫకీరు అన్నాడు. గాంధీ సన్యాసి కూడా కాదు, లండన్‌లో చదివిన బారిస్టరు. అదే దేశంలో ఒక నిజమైన సన్యాసి బీటా కిరణాలు కొలుస్తూ కూర్చున్నాడు.

అయితే తెల్లవాళ్లని అని ఏం లాభం? క్యాంపస్‌లో చెట్టు కింద ఇద్దరు కుర్రాళ్లు కనిపిస్తే స్వామి జ్ఞానానంద ఎవరని అడిగాం. ఒకడికి తెలియదు. రెండోవాడు కాస్త ఆలోచించి, "బిల్డింగుకి డబ్బులిచ్చిన బాబా అనుకుంటా సార్" అన్నాడు.

"ఈయన ఫోటో పెట్టేస్తాను మావయ్యా" అని ఎగిరాడు మావాడు. కానీ మాట్లాడిన మనిషి ఫోటో అయ్యుండాలి. అదీ పోయింది.

మధ్యాహ్నం భీమిలి రోడ్డు మీదుగా తొట్లకొండ. దారి పొడవునా ఫ్లెక్సీలు. ఒకదాంట్లో ఒక స్వామీజీ, ఆయన చుట్టూ ఏడుగురు నాయకులు. స్వామీజీ బొమ్మ కన్నా నాయకుల బొమ్మలే పెద్దవి. మావాడు ఎవరని అడిగాడు. ఆటోలో పాట పెట్టించాను.

కొండ ఎత్తు 128 మీటర్లు. మీద రాతిలో తొలిచిన నీళ్ల తొట్లున్నాయి, పేరు వాటిదే. 1976లో నౌకాదళం వాళ్లు విమానం నుంచి సర్వే చేస్తుంటే ఇక్కడి శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి తవ్వితే స్తూపం, విహారాల గదులు, భోజనశాల తేలాయి. రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులున్న చోటు. వానాకాలంలో తిరగడం మానేసి వాళ్లు ఒకచోట ఉండిపోయేవాళ్లు. మన సన్యాసుల చాతుర్మాస్యం కూడా అలాంటిదే. ఒక గది కొలిచి చూశాడు వీడు. మనిషి కాళ్లు చాపుకుని పడుకుంటే ఇంకాస్త మిగులుతుంది.

గోడ మీద కూర్చుని సముద్రం చూస్తున్నాం. "మన ఇంట్లో ఎవరూ సన్యాసి అవ్వలేదా?" అన్నాడు.

అక్క చెప్పి ఉంటుందనుకున్నాను. చెప్పలేదు.

మా తాతయ్య తమ్ముడు, చిన్నతాతయ్య, భీమిలిలో బడిపంతులు. 1968 వేసవిలో రామేశ్వరం వెళ్లొస్తానని గుడ్డసంచీతో బయల్దేరాడు. నాలుగు నెలలకి రిషికేశ్ నుంచి కార్డు ముక్క వచ్చింది. చిన్నమామ్మకి అప్పుడు ఇరవై తొమ్మిది. ఎనిమిదేళ్ల కూతురు, చంకలో కొడుకు. ఇంట్లో ఆయన పేరెత్తితే 'ఎగ్గొట్టినవాడు' అనేవాళ్లు. పదకొండేళ్ల తర్వాత ఒకసారి వచ్చాడట. అప్పటికి స్వామి. వీధి వీధంతా కదిలొచ్చి కాళ్లు కడిగి నీళ్లు నెత్తిన చల్లుకుంది. మా ఇంటి అరుగు మీదే భిక్ష. చిన్నమామ్మ వడ్డించి, తలుపు చాటు నుంచి, ఉప్పు సరిపోయిందా అని అడిగిందట. ఆయన "సరిపోయిందమ్మా" అన్నాడట. సన్యాసికి ఆడవాళ్లందరూ తల్లితో సమానం. చిన్నమామ్మ లోపలికెళ్లి మళ్లీ బయటికి రాలేదు.

నేను పుట్టకముందు జరిగిన కథ. పెళ్లిళ్లలో, తద్దినాల్లో విని విని నాకు కంఠతా వచ్చేసింది. చెప్పాక చాలాసేపు వాడు ఏమీ రాసుకోలేదు.

నాలుగో రోజు

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుకి కాస్త ఇవతల మా అత్తయ్య ఇల్లు. చిన్నతాతయ్య కూతురు ఆవిడే. అరవై అయిదేళ్లొచ్చినా కత్తిపీట వదల్లేదు. మేం వెళ్లేసరికి వంకాయలు తరుగుతోంది. మావాణ్ణి చూసి, "మీ అమ్మ పోలికే. తిండి పెట్టడం లేదురా నీకు అక్కడ?" అంది.

భోజనాలయ్యాక వాడు నెమ్మదిగా విషయం ఎత్తాడు. "అమ్మమ్మా, మీ నాన్నగారు వచ్చినరోజు మీరు ఉన్నారా?"

"ఉన్నాను. పంతొమ్మిదేళ్లు నాకు."

ఉప్పు సరిపోయిందా అని అడిగారట కదా అన్నాడు. అత్తయ్య నా వంక చూసింది.

"ఎవడు చెప్పాడ్రా నీకు?"

"అందరూ చెప్తారు కదత్తయ్యా."

"అందరూ వీధిలో ఉన్నారు. నేను వంటింట్లో ఉన్నాను. మా అమ్మ ఏమీ అడగలేదు. ఆ రోజు పప్పులో ఉప్పు వెయ్యలేదు. వేద్దామని నేను చెయ్యి పెడితే కొట్టింది."

మావాడు ఊపిరి బిగబట్టాడు. "మరి ఆయన?"

"తిన్నాడు. చప్పిడి పప్పు, చప్పిడి కూర, ఒక్క మెతుకు వదలకుండా. మళ్లీ వడ్డించింది. మళ్లీ తిన్నాడు. చెయ్యి కడుక్కుని లేచి, అమ్మకి దండం పెట్టి వెళ్లిపోయాడు. వీధిలో వాళ్లకి స్వామి దండం పెట్టడం ఒక్కటే కనిపించింది. ఆడదానికి స్వామి దండం పెట్టడమేంటని ఊరంతా నెల్రోజులు చెప్పుకున్నారు."

"మీ అమ్మగారు ఏమన్నారు?"

"గిన్నెలు తోమింది."

కొంతసేపు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత అత్తయ్య లేచి బీరువాలోంచి ఒక ఫోటో తెచ్చింది. బుష్‌షర్టు, జేబులో రెండు పెన్నులు, నూనె రాసి పక్క పాపిడి తీసిన జుట్టు. బడి ముందు తీయించుకున్నది. కాషాయంలో ఉన్నది ఒకటి ఉండాలి కదా అన్నాను. రిషికేశ్ నుంచి ఎవరో పంపారట, ఇంట్లో ఎక్కడో ఉందట, వెతకలేదట.

"దీన్ని ఫోటో తీసుకోవచ్చా అమ్మమ్మా?"

"తీసుకో. వెలుతురులో పెట్టి తియ్యి, మెరుపు పడుతుంది అద్దం మీద."

వాడు అరుగు మీదికి తీసుకెళ్లి నాలుగు తీశాడు. వాళ్ల ప్రొఫెసర్ ఒప్పుకుంటాడో లేదో అడగలేదు నేను. వెనక నుంచి అత్తయ్య పాత చీరముక్కలో ఏదో చుడుతోంది.

"ఆవకాయ. రెండు కిలోలు."

"విమానంలో నూనె కారుతుందత్తయ్యా, రానివ్వరు."

"మూత మీద కవరు పెట్టి తాడు కట్టాను. నువ్వు నోరు మూసుకో. ఒరే అబ్బాయ్, ఉప్పు సరిపోయిందో లేదో ఫోన్ చేసి చెప్పు."